శుక్రవారం ఎవరు పోతారు

నీలం రంగు ఇనుప గేటులో మనిషి పట్టేంత చిన్న తలుపు తెరుచుకుని కూతురు రుఖయ్యాను లోపలికి తీసుకుని మూసుకుపోయింది, ఇక ఇవతల నబీ రసూల్‌కు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. ఇది ఎంబసీ స్కూల్లో ఆడపిల్లల విభాగం, మగవాళ్ళు లోపలికి రాకూడదు, తండ్రుల కోసం గోడవారన రేకులు దింపి బల్లలు వేశారు, అక్కడ కూర్చోమని కాపలా మనిషి నోరు విప్పకుండా చేత్తోనే చూపించాడు. కూర్చున్నాడు. కూర్చోగానే పెదవులు వాటంతటవే కదిలాయి. బిడ్డ పరీక్షకు పోతే తండ్రి చేసే దువా ఒకటే కదా, దేవుడా నా బిడ్డకు తెలివినివ్వు, జ్ఞాపకాన్నివ్వు, చేతికి వణుకు రానివ్వకు, అని సగం దాకా వచ్చి ఆగిపోయాడు, ఎందుకంటే ఆ దువా కింద ఇంకో దువా అప్పటికే నడుస్తోంది. నిన్న సాయంత్రం రైలెక్కినప్పుడే మొదలైందేమో, ఇంకా ముందే మొదలైందేమో. తప్పాలి. ఈ పిల్ల ఈ పరీక్ష తప్పాలి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేనట్టుగా, రెండు మూడు మార్కుల తేడాతో, గౌరవంగా తప్పాలి. ఆ కోరిక ఎంత స్పష్టంగా వినపడిందంటే పక్కవాళ్ళు విన్నారేమోనని తల తిప్పి చూశాడు. ఎవరూ వినలేదు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, ఒకాయన సమూనా రొట్టెలో ఫలాఫిల్ పెట్టుకుని తింటున్నాడు, రియాద్ ఎండ గోడ మీదినుంచి దిగి వాళ్ళ చెప్పుల దాకా వచ్చింది.

ఇన్నేళ్ళ మాస్టరీలో తప్పాలని ఏ పిల్లవాడి గురించైనా అనుకున్నాడా? బల్లల కింద తల దాచుకుని మేకల్లా ఏదో ఒకటి నమిలే అల్లరి వెధవల గురించి కూడా అనుకోలేదు. హాయిల్‌లో ఒక అద్దె విల్లాలో నడిచే చిన్న బడి వాళ్ళది, ముందుగది ఆఫీసు, పడకగదులు తరగతులు, వంటగదిలో సింకు పక్కన ఐదో తరగతి. లెక్కలూ సైన్సూ ఆయనే. ఇకామా మీద, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే కార్డు మీద, మాత్రం ఎలక్ట్రీషియన్ అని ఉంటుంది, అక్కడ అందరి సంగతీ అంతే, కాగితం మీద ఒకటి, పని ఒకటి. ల్యాబ్ లేదు, పరీక్షనాళిక కావాలంటే బోర్డు మీద గీస్తాడు, నీలం సుద్దతో అందులో సగం దాకా నీళ్ళు నింపుతాడు. అది తలుచుకుని భార్య సాబేరా నవ్వేది, వంట చేస్తూ, గరిటె ఎత్తి, ఏం సార్, బోర్డు మీది నీళ్ళు తాగితే దప్పిక తీరుతుందా అని. ఇంట్లో కూడా సార్ అనే పిలిచేది, సగం ఎగతాళికి, సగం నిజంగానే. రుఖయ్యా ఒకటో తరగతిలో ఉండగానే మొదలుపెట్టింది ఆ మాట, రియాద్‌కు పోదాం సార్, అక్కడ ఎంబసీ స్కూలుంది, మైదానముంది, లైబ్రరీ ఉంది, ఈ పిల్లకు నీ సుద్దముక్కలు చాలవు అని. చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అనడం ఆయనకు చాలా తేలిక, పిల్లల తల్లులూ తండ్రులూ వచ్చి సార్, మన బడి సరిపోతుందా, మేమూ రియాద్ పోదామా అని అడిగితే, ఎందుకండీ, ఐదు దాకా పునాది బాగుంటే చాలు అని కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పేవాడు. వాళ్ళు నమ్మి వెళ్ళిపోయేవాళ్ళు. ఇవాళ తన పిల్లను మాత్రం చెప్పకుండా ఇక్కడికి తీసుకొచ్చాడు. జ్వరం అని సెలవు పెట్టాడు. వచ్చే ఏడాది ఆరో తరగతి కూడా తెరుస్తామని యజమాని అంటున్నాడు, ఎక్కడ తెరుస్తాడు, స్నానాలగదిలోనా?

"మీ పాపనా సార్ ఇప్పుడు పోయింది? ఏ క్లాసుకు?"

ఫలాఫిల్ తింటున్నాయన చేతులు తుడుచుకుంటూ దగ్గరికి జరిగాడు. పేరు అబ్దుల్ ఘనీ అట, నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడట.

"ఆరుకు పోవాల. హాయిల్ నుంచి వచ్చినాం."

"సీమోళ్ళా? మాది జగిత్యాల. హాయిల్ నుంచి గింత దూరమొచ్చిన్రంటే మీరు గట్టోళ్ళే. నేనైతే గీ స్కూల్ కోసం మూడిండ్లు మారిన. ఇగో, ఇప్పుడు గోడ పక్కకే. పొద్దుగాల బడి గంట కొడితే మా ఇంట్ల అందరికంటె ముందు నేనే లేస్త. మా ఆమె అంటది, ఫీజు పిల్లకు కడుతున్నవా, నీకు కడుతున్నవా అని." తన మాటకు తనే గట్టిగా నవ్వాడు. "మరి మారుతున్రా? ఇల్లు సూశిన్రా?"

"కష్టమన్నా. మా ఇంటామె ఆడనే ఉండాది."

"ఆడ నౌకరీనా?"

"కాదు. ఖబరస్తాన్‌లో."

అబ్దుల్ ఘనీ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఇన్నా లిల్లాహి అని గొణిగి, రెండు చేతులూ ఎత్తి ఏదో చదువుకుని, ముఖానికి తడుముకుని, ఇంకేమీ అడగలేదు. ఎవరూ అడగరు. ఆ మాట అన్న చోటల్లా అంతే, మనుషులు తల వంచుకుంటారు, ఆయన్ని ఏ లెక్కా అడగరు. ఫయాజ్ కూడా, సాబేరాకు సొంత తమ్ముడు, ఇదే ఊళ్ళో గోడౌన్‌లో తన పక్కనే స్టోర్‌కీపర్ పని చూసిపెట్టి, కఫాలా, అంటే యజమాని పూచీ, మార్చడానికి వాళ్ళ కంపెనీని ఒప్పించి ఫోను చేస్తే, మీ అక్కను ఒంటరిగా ఇడిసిపెట్టి ఎట్ల రావాల అబ్బీ అన్నాడు నబీ రసూల్, అంతే, వాడు ఫోన్లోనే ఏడ్చాడు. ఆమె తమ్ముణ్ణి ఏడిపించాడు. జగిత్యాల ఆయనచేత దువా చేయించాడు. చెమట పట్టిన మెడను రుమాలుతో తుడుచుకున్నాడు, రుమాలు సాబేరా కుట్టినది కాదు, ఆమె కుట్టినవన్నీ ఎప్పుడో చినిగిపోయాయి, ఇది రెండు రియాళ్ళ అంగడిది, అయినా తుడుచుకున్నప్పుడల్లా ఎవరైనా చూస్తే భార్య జ్ఞాపకమనుకుంటారేమో అన్నట్టు మెల్లగా మడతపెడతాడు. దుఃఖం కూడా అలవాటైపోయి వేషంలా తయారవుతుందా? మొదట్లో ఇలా లేదు. మొదట్లో నిజంగా ఊపిరాడేది కాదు.

సాబేరా హాయిల్ ఆసుపత్రిలో తెల్లవారుజామున పోయింది, కిడ్నీలని చెప్పారు, ఎన్నాళ్ళుగానో ఉన్నదేనట, ఆమె నడుము నొప్పి అంటే ఆయన జండూబామ్ రాసేవాడు. శవాన్ని ఇంటికి, రాయచోటికి పంపించాలా, హాయిల్‌లోనే ఖననం చెయ్యాలా అని ఫోన్లలో మాటలు నడిచాయి. చివరికి సాబేరా తల్లి మహబూబ్బీనే అంది, ఆ నేల మీద పోయిన మనిషిని మళ్ళా ఈడికి ఎందుకు నాయనా, అది పాక్ జమీన్, పుణ్యభూమి, నా బిడ్డ అదృష్టవంతురాలు, ఆడనే పడుకోనీ అని. అంత పెద్ద మనసు ఆ ముసలామెకు. ఊళ్ళో అయితే సమాధికి సున్నం కొడతారు, పచ్చ రంగు వేస్తారు, తలాపున రాయి మీద పేరు రాయిస్తారు, షబేబరాత్ పండగ వస్తే అందరూ చీపుర్లు పట్టుకుని పోయి గడ్డి పీకి, పూలు పెట్టి, ఊదుబత్తులు వెలిగిస్తారు, పిల్లలకు చూపిస్తారు, ఇది మీ జేజి, ఇది మీ జేజబ్బ అని. ఇక్కడ అదేమీ లేదు. పేరు లేదు, రంగు లేదు, తలాపున ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి, మీద మట్టి, రాజుకైనా కూలికైనా అదే. మంచిదే అనుకున్నాడు ఆ రోజు. గుర్తుగా ఉంటుందని తనే ఎర్రటి రాయి ఒకటి ఏరుకొచ్చి తలాపున పాతాడు. గోడ నుంచి మూడో వరస, విరిగిన చెక్క నిచ్చెన ఆనించి ఉన్న చోటికి ఎదురుగా. రాసిపెట్టుకోవాలని తోచలేదు. సొంత భార్య పడుకున్న చోటు మర్చిపోతాడా ఎవరైనా, కాళ్ళు వాటంతటవే తీసుకుపోవూ?

కాళ్ళు తీసుకుపోలేదు. మొదటి వేసవికి రుఖయ్యాను తీసుకుని రాయచోటికి పోయివచ్చాక, మొదటి శుక్రవారం ఖబరస్తాన్‌కు పోతే, నిచ్చెన లేదు. వరసలు అటూ ఇటూ పెరిగిపోయాయి, వాన పడి మట్టి కుంగి, పనివాళ్ళు రాళ్ళను సర్ది మళ్ళీ నాటారు. ఎర్ర రాయి కోసం చూశాడు. అన్నీ ఎర్ర రాళ్ళే. ఊరి వెనక కొండే ఎర్రది, రాయి ఎవరు తెచ్చినా ఆ కొండ కిందినుంచే తెస్తారు, ఆ సంగతి ఆ రోజు తట్టలేదు. ఎండలో టోపీ పట్టుకుని ఆ రాళ్ళ మధ్య తిరిగాడు, బెంగాలీ కాపలాదారు దూరం నుంచి చూస్తున్నాడు, అతన్ని అడిగితే సరిపోయేది, అతనికి తెలిసి ఉండేదేమో, కానీ ఏమని అడగాలి, నా భార్యను ఎక్కడ పెట్టారని అడగాలా? మాస్టరు సాబ్ అని సలాం చేసే మనిషిని? సిగ్గేసింది. ఆ సిగ్గులో, అతను చూస్తున్నాడని, తెలిసినవాడిలా నాలుగడుగులు నడిచి ఒక సమాధి దగ్గర నిలబడి చేతులు ఎత్తాడు. అంతే, నిలబడ్డ చోటే ఆమెదైపోయింది. తర్వాతి శుక్రవారం అక్కడే. ఆ తర్వాతా అక్కడే. కొన్నాళ్ళకు నిజంగా ఆమెదేనని కూడా అనిపించింది, ఏడుపు కూడా వచ్చేది, ఆ మట్టికి తెలుసా ఎవరి కన్నీళ్ళో?

అటు చదువుకునే పిల్లల గొంతులు గోడ మీదినుంచి వస్తున్నాయి, అందరూ కలిసి ఏదో ఎక్కం చెబుతున్నారు, వాళ్ళ మైదానంలో బంతి పడిన చప్పుడు. లోపల రుఖయ్యా ఏం చేస్తోందో. భిన్నాలు ఆమెకు ఇష్టం, రొట్టెను కోసినట్టు కోస్తుంది. రాసేస్తుంది, తప్పదు, ఆ పిల్ల తప్పమన్నా తప్పదు. బాగా రాయి అని పొద్దున చెప్పలేదు తను. ప్రతి తండ్రీ చెప్పే మాట, గేటు దగ్గర ఇంకో తండ్రి కూడా చెప్పాడు, ఘబరానా నై బేటా, భయపడకు అని. తను మాత్రం నీళ్ళ సీసా ఇచ్చి, టిఫిన్ తింటావా అని అడిగాడు. తినను అంది. ఆ పిల్ల ఈమధ్య తక్కువ మాట్లాడుతోంది, తల్లి పోయాక పిల్లలు అంతే అని ఎదురింటి షమీమక్క అంటుంది, హైదరాబాద్ ఆవిడ, రుఖయ్యాకు జడలు వేసేది, బడి నుంచి రాగానే అన్నం పెట్టేది ఆవిడే. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు అక్కడ, రుఖయ్యా ఒక్కసారి కూడా చూడలేదు. శుక్రవారం జుమ్మా నమాజుకు బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి మాట చెప్పి పంపేది. అమ్మకు చెప్పు నాయనా, నాకు లెక్కల్లో ఫస్ట్ వచ్చిందని. అమ్మకు చెప్పు, షమీమ్ పెద్దమ్మ ఉగ్గాని చేసిందని, అమ్మ చేసినట్టు లేదని. తిరిగొచ్చాక అడిగేది, చెప్పినావా? చెప్పినానమ్మా. ఏమనింది? ఏమంటుంది, మంచి బిడ్డ అనింది. అంత తేలిగ్గా అనేవాడు.

సూడాన్ మనిషి ఒకడు వచ్చిన శుక్రవారం కూడా అలాగే అన్నాడు. ఆయన పోయేసరికే అక్కడ ఒక పొడుగాటి నల్లటి మనిషి తెల్ల తలపాగాతో అదే రాయి ముందు గొంతుక్కూర్చుని ఏడుస్తున్నాడు. నబీ రసూల్ ఆగిపోయాడు. అతను తలెత్తి చూసి, లేచి, గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. అరబీలో, మెల్లగా, అర్థమయ్యేట్టు చెప్పాడు, ఎక్కడో దూరాన జిజాన్‌లో పని, రాలేకపోయాను, ఇది మా అమ్మ, ఒక హిందీ, ఇండియా మనిషి ప్రతి శుక్రవారం వచ్చి మా అమ్మకు దువా చేస్తాడని కాపలాదారు చెప్పాడు, అది నువ్వేనా? జజాకల్లా ఖైర్, దేవుడు నీకు మేలు చెయ్యాలి. నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. ఆ మనిషి గడ్డం తడి తగిలింది. ఏమనాలి? కాదన్నా, నేను నా భార్య అనుకున్నాను అనాలా? తల ఊపాడు. ఊపి, ఆ తల్లికి పక్కనే నిలబడి మళ్ళీ దువా చేసి, ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తుంటే, చెప్పినావా నాయనా అంది రుఖయ్యా. చెప్పినానమ్మా అన్నాడు. ఆ తర్వాత శుక్రవారాలు ఖబరస్తాన్ లోపలికి పోవడం మానేశాడు. గోడ బయట కారు ఆపి, కాసేపు ఏసీ వేసుకుని కూర్చుని, తిరిగి వచ్చేవాడు. ఇది ఎవరికీ తెలియదు.

మరి దేనికి ఆ ఊరు వదలలేకపోతున్నాడు? నిజం చెప్పుకో నబీ రసూల్, ఇక్కడ ఎవరూ వినడం లేదు. ఆమె ఎక్కడ ఉందో తెలియకపోయినా ఆ గోడ లోపలే ఎక్కడో ఉంది కదా, ఊరు వదిలితే ఆ వెతుకులాట కూడా వదిలేసినట్టే కదా, అది సగం నిజం. మిగతా సగం చాలా చిన్నది, చెప్పుకోవడానికి కూడా చిన్నది. హాయిల్ కూరగాయల మార్కెట్లో నడిచిపోతుంటే మలయాళీలూ పాకిస్తానీలూ కూడా మాస్టర్ సాబ్ అని లేచి నిలబడతారు. ఇక్కడ గోడౌన్‌లో డబ్బాలు లెక్కపెట్టే నబీ అయిపోతాడు. బావమరిది చెప్పుచేతల్లో పని. సార్ అనే మనిషి ఒక్కరూ ఉండరు. ఇంతేనా? ఇంతే. దీని మీద ఒక చనిపోయిన ఆడదాన్ని కప్పుకుని తిరుగుతున్నాడు. ఆమెకు ఆ సంగతి తెలిస్తే గరిటె ఎత్తి నవ్వదు, ఈసారి నవ్వదు. రేకుల నీడ ఇరుకైపోయింది, మోకాళ్ళ మీద ఎండ కాలుతోంది, జరగాలనిపించలేదు.

చిన్న తలుపు తెరుచుకుంది. ఇంత త్వరగా ఎవరూ రారు, ఇంకా సగం సమయమైనా కాలేదు. రుఖయ్యా ఒక్కతే వచ్చింది, సంచి రెండు చేతులతో ముందుకు పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయిపోయిందా అప్పుడే?"

"ఊఁ."

"ఎట్ల రాసినావు?"

"ఇంగ్లీషు రాసినా. లెక్కలు ఇడిసిపెట్టినా."

"రాలేదా?"

"వస్తాయి." నేల వంక చూసింది. "కావాలనే ఇడిసిపెట్టినా నాయనా. మనం ఈడికొచ్చేస్తే అమ్మకాడికి శుక్రవారం ఎవరు పోతారు?"

పక్క బల్ల మీద అబ్దుల్ ఘనీ ముఖం అటు తిప్పేసుకున్నాడు. నబీ రసూల్ పైకి చూడలేకపోయాడు. ఇంతకాలం పైనున్నవాడు విన్నాడో లేదో గానీ ఈ పిల్ల విన్నది, రైల్లో కిటికీ వైపు తిరిగి పడుకుని విన్నది, తను అడగకుండా అడిగినదాన్ని ఇచ్చేసింది. కిందికి, మోకాళ్ళ మీదికి వంగి, ఆమె ముఖానికి ఎదురుగా తన ముఖం తెచ్చుకున్నాడు.

"నేను పోవడం లేదు పాపా."

"అంటే?"

"శుక్రవారం. చానాళ్ళుగా పోవడం లేదు. అమ్మ ఏ రాయి కింద ఉందో నాకు తెలీదు. మర్చిపోయినా. ఎవరో సూడాన్ వాళ్ళమ్మ కాడ నిలబడి వచ్చినా, నీకేమో చెప్పినా అని చెప్పినా."

రుఖయ్యా చాలాసేపు ఆయన వంకే చూసింది. పిల్లలు అబద్ధాన్ని పట్టుకున్నప్పుడు చూసే చూపు అది, బడిలో ఎన్నోసార్లు చూశాడు, ఎప్పుడూ ఆయన వైపు కాదు. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"నేను ఫస్ట్ వచ్చినానని కూడా చెప్పలేదా?"

"లేదు పాపా."

కింది పెదవి కొరుక్కుంది. సంచి మీది జిప్పును అటూ ఇటూ లాగింది. ఎప్పుడైనా క్షమించేదీ లేనిదీ ఆ వయసులో తెలియదు, తెలియనక్కరలేదు, ఆయన కూడా అడగలేదు. లేచి, ఆమె చెయ్యి పట్టుకుని, గేటు దగ్గరికి పోయి ఇనుప తలుపు మీద కొట్టాడు. కాపలా మనిషి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన మళ్ళీ కొట్టాడు. పరీక్ష గదిలోంచి ఒకసారి ఇచ్చిన పేపరు తిరిగి ఇమ్మని ఏ పిల్లవాడైనా ఏడిస్తే, కుదరదు నాయనా, రూలు రూలే అని చెప్పే మనిషి తను, ఎంతమందికి చెప్పి ఉంటాడో. చిన్న తలుపులో కిటికీ తెరుచుకుని ఒక ఆడమనిషి ముఖం కనిపించింది, కళ్ళద్దాలు, మెడలో గుర్తింపు కార్డు మీద ఖాలిదా అని పేరు.

"మేడమ్, మా పాప లెక్కల పేపరు రాయకుండా ఇచ్చేసింది. వచ్చు తనకు. తప్పు నాది. టైముంది కదా మేడమ్, మళ్ళా కూర్చోబెట్టండి."

ఆవిడ విసుక్కోలేదు. ఉర్దూలో, మెత్తగానే చెప్పింది, "నేనే అడిగాను ఎందుకు రాయలేదని. వాళ్ళమ్మ హాయిల్‌లో ఉంటుందని చెప్పింది. తల్లిని వదిలి పిల్ల చదవలేదు భాయ్‌సాబ్, బలవంతం చెయ్యకండి. మీరు వాళ్ళమ్మతో మాట్లాడి, ఒప్పించి, అప్పుడు రండి."

ఆయన నోరు తెరిచాడు. అబ్దుల్ ఘనీతో అంత సులువుగా అన్న మాట, ఫయాజ్‌తో అన్న మాట, ఇప్పుడు నాలుక మీదికి రాలేదు. ఎన్నిసార్లు వాడినా అరగని మాట ఒక్కటుంటుందా, అది ఇదేనా? ఖాలిదా మేడమ్ ఎదురుచూస్తోంది. చేతిలోని చిన్న చెయ్యి జారి విడిపోయింది.

"లేదు మేడమ్," అంది రుఖయ్యా, బడిలో జవాబు చెప్పినట్టు, ఉర్దూలో, గట్టిగా. "నేను తప్పు చెప్పాను. అమ్మ లేదు. చనిపోయింది."

కళ్ళద్దాల వెనక చూపు పిల్ల మీది నుంచి తండ్రి మీదికి, మళ్ళీ పిల్ల మీదికి వచ్చింది. గొళ్ళెం తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. రుఖయ్యా ఆయన వంక చూడకుండానే లోపలికి పోయింది, పోతూ పోతూ సంచిలోంచి జామెట్రీ పెట్టె తీసి చేతిలో పట్టుకుంది.

ఆయన బల్ల దగ్గరికి పోలేదు. గేటు పక్కనే ఎండలో నిలబడి ఫోను తీశాడు. ఫయాజ్ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏం బావా, రాసిందా పాప?"

"రాస్తాంది. అబ్బీ, ఇల్లు చూడు. ఈ స్కూలు చుట్టుపక్కల."

"వస్తావా బావా? నిజంగానా? అక్క..." అనబోయి మాట మార్చాడు. "సరే. ఈ పక్క ఇండ్లవాళ్ళు ఫ్యామిలీకి తప్ప ఇయ్యరు. ఎంతమంది అని మొదటే అడుగుతారు. ఏమని చెప్పాల?"

గోడ లోపల ఎక్కాలు చెప్పడం అయిపోయింది. నబీ రసూల్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఇద్దరమని చెప్పు."